పాలిచ్చే తల్లికి రొమ్ము పరీక్ష: పాలు మాన్పించకుండా, పరీక్ష వాయిదా వేయకుండా

"పాలు మాన్పించి మూడు నెలలాగి రండమ్మా, ఇప్పుడు తీసినా ఏమీ కనపడదు."

పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా నా ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. స్కానింగ్ సెంటర్‌కి ఫోన్ చేస్తే కౌంటర్‌లో అమ్మాయి చెప్పిన మాట అది. ఇంట్లో మా అత్తయ్యది ఇంకో మాట: "పాలగడ్డేనమ్మా, దానికి పరీక్షలెందుకు? పాలు తాగించేకొద్దీ అదే కరిగిపోతుంది." ఒకరేమో పరీక్ష కోసం పాలు ఆపమన్నారు, ఇంకొకరు పాల పేరు చెప్పి పరీక్ష ఆపమన్నారు. ఇద్దరూ మంచి మనసుతోనే చెప్పారు, ఇద్దరి మాటా తప్పే.

పాలిస్తున్న రొమ్ముకి అల్ట్రాసౌండ్ చేయొచ్చు, మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే తీయొచ్చు, సూది పరీక్ష చేయొచ్చు, అవసరమైతే ఎమ్మారై కూడా చేయొచ్చు. వీటిలో దేనికీ బిడ్డకు పాలు మాన్పించక్కర్లేదు. మల్లెపూలు కట్టి పాలు మాన్పించే పద్ధతి మనకి తెలిసిందే. పరీక్ష కోసమైతే ఆ పూలు కొనే పని లేదు. పాలున్న రొమ్ముని చదవడం రేడియాలజిస్టుకి కొంచెం కష్టమన్నది నిజమే. కానీ ఆ కష్టాన్ని తగ్గించే ఉపాయాలు మన చేతిలోనే ఉన్నాయి. ఒక్కో మెట్టూ చెప్తాను.

మొదటి మెట్టు: మీకు కావాల్సింది స్క్రీనింగా, గడ్డకి పరీక్షా?

ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే గందరగోళమంతా. ఏ ఇబ్బందీ లేకపోయినా వయసును బట్టి ముందుజాగ్రత్తగా చేయించుకునేది స్క్రీనింగ్. గడ్డో, రక్తమో, చర్మంలో మార్పో కనిపిస్తే దాని సంగతి తేల్చడానికి చేసేది వేరే పరీక్ష. స్క్రీనింగ్‌ని కొన్ని వారాలు అటూ ఇటూ జరపొచ్చు. గడ్డకి ఆ వెసులుబాటు లేదు. మీ వయసు 22 అయినా 42 అయినా, గడ్డ ఉంటే మీది రెండో వరుస. ఈ మెట్టులో కింద వయసుల గురించి చెప్పేదేదీ మీకు వర్తించదు, నేరుగా మూడో మెట్టుకి వెళ్లండి.

ఏ లక్షణమూ లేదు, 40 నిండలేదు, ఇంట్లో ఎవరికీ రొమ్ము క్యాన్సర్ లేదు అంటే మామోగ్రామ్ అక్కర్లేదు. మన దేశంలో ప్రభుత్వ స్క్రీనింగ్ 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకి, ఐదేళ్లకోసారి. అందులో మామోగ్రామ్ ఉండదు, శిక్షణ పొందిన సిబ్బంది చేత్తో చూస్తారు. అమెరికాలో ఉన్నవాళ్లకి లెక్క వేరు: అక్కడి ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన సిఫారసు ప్రకారం 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి మామోగ్రామ్. బ్రిటన్‌లో పిలుపు 50 దాటాకే, మూడేళ్లకోసారి వస్తుంది. పెళ్లి ఆలస్యమై, పిల్లలు ఆలస్యమై, నలభైలో చంకన చంటిబిడ్డతో ఉన్న తల్లులు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఉన్నారు, డాలస్‌లోనూ ఉన్నారు. అందుకే ఈ ప్రశ్న ఇప్పుడు ఇంతమందికి వస్తోంది.

మరి 40 దాటి పాలిస్తున్నవాళ్లు ఏం చేయాలి? ఇంకో నెలా రెండు నెలల్లో ఎలాగూ మాన్పించే ఉద్దేశం ఉంటే, మాన్పించాక ఓ మూడు నెలలాగి తీయించుకోవచ్చు. ఆలోపు పాల కణజాలం చాలావరకు తగ్గి, బొమ్మ స్పష్టంగా వస్తుంది. రెండేళ్లు నిండేదాకా ఇస్తాను అనుకుంటే మాత్రం వాయిదా వేయొద్దు. గర్భం తొమ్మిది నెలలు, పాలు రెండేళ్లు, ఆ పైన మూడు నెలలు కలిపితే మూడేళ్ల పాటు రొమ్ము వైపు ఎవరూ చూడనట్టే.

ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్లు ఇంకాస్త గట్టిగా ఉండాలి. అమ్మ, అక్క, పిన్ని, అమ్మమ్మ అనగానే గుర్తొస్తారు గానీ నాన్న వైపు నాయనమ్మనీ మేనత్తనీ చాలామంది లెక్కలో వేసుకోరు. ఈ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ అనే జన్యుమార్పు తండ్రి నుంచి కూడా వస్తుంది. అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లు ఉన్నా అదీ చెప్పాలి. మన ఇళ్లలో దీన్ని "ఆ జబ్బు" అని గుసగుసగా అనడమే తప్ప పేరు పెట్టి చెప్పరు కాబట్టి, అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టి విడివిడిగా అడగాల్సిందే. బీఆర్‌సీఏ ఉందని తేలినవాళ్లకి 25 నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి మామోగ్రామ్ కూడా చెప్తారు. బిడ్డ పాలు తాగుతోందని ఆ వరుసలో ఖాళీ రానివ్వకూడదు.

"పాలిచ్చేవాళ్లకి రొమ్ము క్యాన్సర్ రాదు" అన్న మాటలో సగమే నిజం. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి చూసి 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన లెక్క ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ ముప్పు 4.3 శాతం తగ్గుతుంది. తగ్గడం వేరు, రాకపోవడం వేరు.

రెండో మెట్టు: మీ రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకోండి

పాలు నిండిన రొమ్మును తడిమితే అంతా గడ్డలే. ఆ సమయంలో చూసుకుని బెంబేలు పడొద్దు. బిడ్డ కడుపునిండా తాగాక, రొమ్ము మెత్తబడ్డాక చూసుకోండి. వెల్లకిలా పడుకుని, చూసుకునే వైపు చెయ్యి తల కింద పెట్టుకుని, రెండో చేతి మధ్య మూడు వేళ్ల మెత్తటి భాగంతో, చనుమొన దగ్గర మొదలుపెట్టి దోసె పోసినట్టు గుండ్రంగా బయటికి తిప్పుకుంటూ రావాలి. పైన కాలరెముక, పక్కన చంక, కింద రొమ్ము మడత దాకా వెళ్లాలి. ఒకసారి తేలికగా, ఒకసారి నొక్కి. తర్వాత అద్దం ముందు చేతులెత్తి చర్మం ఎక్కడైనా లోపలికి లాగినట్టుందేమో చూడండి.

మామూలు స్త్రీలకి నెలసరి అయిన వారానికి చూసుకోమంటారు. పాలిచ్చేవాళ్లలో చాలామందికి నెలసరే ఉండదు. నేను పాప నెల నిండే తేదీని పెట్టుకున్నాను, ఎలాగూ ఆ రోజు బరువు చూసి ఫోటో తీస్తాం కదా.

దీన్ని దీక్షలా పట్టుకోనక్కర్లేదు. షాంఘై బట్టల మిల్లుల్లో పనిచేసే 2.66 లక్షల మంది ఆడవాళ్ల మీద జరిగిన పెద్ద పరిశోధనలో, స్వీయపరీక్ష నేర్పినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. మరెందుకు చెప్తున్నానంటే, పాలిచ్చే రొమ్ము పూటకో రకంగా ఉంటుంది. మీ మామూలు ఏదో మీకు తెలిస్తేనే మామూలు కానిది పట్టుబడుతుంది. పాలు తాగక ముందు ఉండి, తాగాక మాయమయ్యే గడ్డలు పాలవే. తాగినా పిండినా అదే చోట అదే సైజులో ఉండేదాన్ని గుర్తుపెట్టుకోండి. కాన్పయిన మూడో నాలుగో రోజున చంకలో ఉబ్బు వస్తే చాలాసార్లు అది అక్కడ ఉండిపోయిన రొమ్ము కణజాలం, పాలు పడటంతో ఉబ్బుతుంది. అయినా డాక్టరుకి చూపించి ఒకసారి నిర్ధారించుకోండి.

మూడో మెట్టు: ఎన్ని రోజులు చూడొచ్చు

అసలు ప్రాణం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

పాలనాళం వాచి కట్టిన గడ్డ సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. వారం దాటినా ఉంటే డాక్టరుకి చూపించాలి. రెండు వారాలైనా ఉన్న గడ్డకి అల్ట్రాసౌండ్ లేకుండా "పాలగడ్డే" అని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. చెప్పింది అత్తయ్య అయినా సరే, డాక్టర్ అయినా సరే.

రొమ్ము ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే అది ఎక్కువగా మాస్టైటిస్, అంటే పాలిచ్చే రొమ్ముకి వచ్చే వాపు. ఇక్కడ మన అలవాట్లు కొన్ని మార్చుకోవాలి. గట్టిగా పిసికి గడ్డ కరిగించడం, పంపుతో చివరి చుక్క దాకా తీసేయడం మంచిదని ఏళ్ల తరబడి అనుకున్నాం. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో ఇచ్చిన సూచనలు దీనికి ఎదురు: గట్టి మర్దన వద్దు, చల్లటి కాపడం పెట్టండి, బిడ్డ అడిగినంతే తాగించండి, అదనంగా పిండొద్దు. పిసికేకొద్దీ వాపు పెరుగుతుంది. యాంటీబయాటిక్ ఇస్తే 10 నుంచి 14 రోజుల కోర్సు ఉంటుంది. రెండు రోజుల్లో తేడా తెలియాలి. కోర్సు అయిపోయినా ఎరుపు తగ్గకపోయినా, రొమ్ము చర్మం దళసరెక్కి బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా కనిపించినా ఇంకో యాంటీబయాటిక్ రాయించుకుని ఇంటికి రావొద్దు, స్కానింగ్ అడగండి. ఇన్‌ఫ్లమేటరీ క్యాన్సర్ అనే అరుదైన రకం అచ్చం మాస్టైటిస్ వేషంలోనే వస్తుంది. చాలాసార్లు దానికి గడ్డే ఉండదు.

పాలలో రక్తం చూసి హడలిపోతాం. కాన్పయిన మొదటి రోజుల్లో ముర్రుపాలు తుప్పునీళ్ల రంగులో రావడం కొందరికి మామూలే, వారంలోపు తెల్లబడతాయి. చనుమొన పగిలినా రక్తం వస్తుంది. పగుళ్లు లేకుండా, వారం దాటాక, ఒకే రొమ్ములో ఒకే రంధ్రం నుంచి వస్తుంటే మాత్రం చూపించుకోవాలి. చనుమొన మీద గజ్జిలా లేచి, బిడ్డ పట్టు సరిచేసినా, మందు రాసినా వారాల తరబడి ఒకవైపే మానకుండా ఉంటే అదీ అంతే. కొత్తగా చనుమొన లోపలికి పోవడం, చంకలో గట్టి బిళ్ల తగలడం కూడా ఈ కోవలోవే.

బిడ్డ హఠాత్తుగా ఒక రొమ్ము తాగనని మొరాయిస్తే చాలావరకు జలుబో చెవిపోటో కారణం. ఆ వైపే గడ్డ కూడా ఉంటే ఆ మాట డాక్టరుకి చెప్పండి.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. గర్భిణుల్లో, పాలిచ్చేవాళ్లలో బయాప్సీ, అంటే ముక్క తీసి చూసే పరీక్ష దాకా వెళ్లిన గడ్డల్లో కూడా దాదాపు 80 శాతం ప్రమాదం లేనివే: పాలు నిండిన తిత్తి అంటే గెలాక్టోసీల్, లాక్టేటింగ్ ఎడినోమా, పాత ఫైబ్రోఎడినోమా (ఈ రెండూ క్యాన్సర్ కాని గడ్డలే), చీము గడ్డ. కాకపోతే మిగతా వాటిని వేళ్లతో తడిమి విడదీయడం ఎంత అనుభవమున్న డాక్టరుకైనా సాధ్యం కాదు.

నాలుగో మెట్టు: ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఫోన్‌లో ఏం చెప్పాలి

కాన్పు చేసిన గైనకాలజిస్టుతో మొదలుపెట్టడం తేలిక, మన సంగతంతా ఆవిడకి తెలుసు. చేత్తో చూసి, స్కానింగ్‌కి చీటీ రాస్తారు. అవసరమైతే సర్జన్ దగ్గరికి పంపిస్తారు. పల్లెలో ఉంటే ఆశా కార్యకర్తని అడగండి. 30 దాటినవాళ్లకి ఆమె నింపే ఫారంలో రొమ్ములో గడ్డ, చనుమొన నుంచి రక్తం, ఆకారంలో మార్పు అని మూడు ప్రశ్నలు ఉంటాయి. మొహమాటపడి "లేదు, లేదు, లేదు" అనేసి సంతకం పెట్టేవాళ్లని చూశాను. పల్లె దవాఖానలోనో విలేజ్ క్లినిక్‌లోనో ఏఎన్ఎం (నర్సమ్మ) చేత్తో చూడటాన్ని తక్కువగా తీసేయకండి. ముంబయిలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998 నుంచి లక్షన్నర మంది ఆడవాళ్ల మీద చేసిన పరిశోధనలో, పెద్ద డిగ్రీలేమీ లేకుండా శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే చేత్తో చూసి జబ్బుని తొలిదశలో పట్టుకోగలిగారు. 50 దాటినవాళ్లలో మరణాలు 30 శాతం దాకా తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో మరణాల్లో అంత తేడా రాలేదు. అందుకే పాలిచ్చే వయసులో చేతి పరీక్షలో ఏమీ తగల్లేదన్నా, మీకు తగులుతుంటే స్కానింగ్ దాకా వెళ్లండి.

పెద్ద ఆసుపత్రి అవసరం పడితే హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, బసవతారకం, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి.

ఫోన్ చేసినప్పుడు "మామోగ్రామ్ ఎంత?" అని మొదలుపెట్టొద్దు, నేను చేసిన తప్పు అదే. ఇలా చెప్పండి: "నాకు ఫలానా వైపు గడ్డ ఉంది, ఇన్ని రోజులైంది. బిడ్డకి ఇన్ని నెలలు, పాలిస్తున్నాను. డాక్టర్ చీటీ ఉంది." గడ్డ ఉందన్న మాట ముందు పడితే మిమ్మల్ని స్క్రీనింగ్ వరుసలో కాకుండా వేరే వరుసలో పెడతారు. అమెరికాలో ఇన్సూరెన్స్ కూడా ఈ రెండిటినీ వేరువేరుగా చూస్తుంది. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి: అదే రోజు అల్ట్రాసౌండ్, మామోగ్రామ్ రెండూ చేస్తారా? మామోగ్రామ్ త్రీడీదా? బిడ్డకి పాలివ్వడానికి చోటుందా? త్రీడీది, అంటే టోమోసింథసిస్, పొరలు పొరలుగా చూపిస్తుంది. పాలతో దట్టంగా ఉన్న రొమ్ముకి అది మెరుగు. పాలు మాన్పించి రమ్మంటే కౌంటర్‌తో వాదించకండి, రేడియాలజిస్టుతో మాట్లాడించమనండి. నాకు అక్కడే పని జరిగింది. ఆయన ఒక్క నిమిషంలో "రేపు పొద్దున పాపని కూడా తీసుకురండి" అన్నారు.

ఏ పరీక్ష ముందు? పాలిచ్చే దశలో గడ్డకి అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టడం మామూలు. 30 లోపు చాలాసార్లు దానితోనే సరిపోతుంది. 40 దాటితే రెండూ చేస్తారు. మధ్య వయసులో గడ్డని బట్టి డాక్టర్ నిర్ణయం.

ఐదో మెట్టు: ఆ రోజు పొద్దున

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: మామోగ్రామ్‌కి ముందు అరగంటలోపు రెండు వైపులా బిడ్డకి తాగించండి, లేదా పిండేయండి. పాలు ఖాళీ అయితే రొమ్ము దట్టం తగ్గుతుంది, బొమ్మ స్పష్టంగా వస్తుంది, నొక్కినప్పుడు నొప్పీ తక్కువ. ఇంటి దగ్గర తాగించి బయల్దేరితే ట్రాఫిక్ దాటి చేరేసరికి మళ్లీ నిండిపోతాయి. అందుకే బిడ్డని, ఎత్తుకునే మనిషిని వెంట తీసుకెళ్లండి. మా అమ్మ వచ్చింది. నా పేరు పిలిచేదాకా పాప నా ఒళ్లోనే ఉంది.

రెండు ముక్కల బట్టలు వేసుకోండి, నైటీలాంటి ఒంటి గౌను వద్దు. ముందు హుక్కుల జాకెట్టుతో చీర నిజానికి అన్నిటికంటే సుఖం. చంకల్లో డియోడరెంటు, టాల్కం పౌడరు, జింక్ కలిసిన క్రీము ఆ రోజు వద్దు. బొమ్మలో అవి తెల్లటి చుక్కలుగా పడి, క్యాల్షియం చుక్కలేమో అన్న అనుమానం తెస్తాయి. మెడలో గొలుసులు అడ్డం వస్తాయి, మంగళసూత్రం తీయమనో వెనక్కి వేసుకోమనో అంటారు. తీయడానికి మనసొప్పకపోతే వెనక్కి వేసి పిన్నుతో జాకెట్టుకి బిగించుకోవచ్చు. సంచిలో తువ్వాలు, పాలు పీల్చే ప్యాడ్లు, మార్చుకోవడానికి ఒక జాకెట్టు. పాత రిపోర్టులు, సీడీలు ఉంటే అవి తప్పకుండా.

ఆరో మెట్టు: గదిలో ఏం జరుగుతుంది

మామోగ్రామ్‌లో ఒక్కో రొమ్ముకి రెండు చొప్పున మొత్తం నాలుగు బొమ్మలు తీస్తారు. పలకల మధ్య పెట్టి నొక్కుతారు, ఒక్కోటీ కొన్ని సెకన్లే. పాలు చిమ్ముతాయి, పలక మీద కారతాయి, నాకైతే సిగ్గేసింది. టెక్నీషియన్ తువ్వాలుతో తుడిచి "రోజూ చూసేదే మేడమ్" అంది. నొక్కడం వల్ల పాలు తగ్గవు, గ్రంథులకి ఏమీ కాదు.

"ఎక్స్‌రే తీసిన పాలు బిడ్డకి పట్టొచ్చా?" అని అమ్మ మూడుసార్లు అడిగింది. స్విచ్చి ఆపాక గదిలో వెలుతురు నిలవ ఉండనట్టే ఎక్స్‌రే కూడా పాలలో నిలవ ఉండదు. మీకు తగిలేది కూడా మొత్తం నాలుగు బొమ్మలకి సుమారు 0.4 మిల్లీసీవర్ట్. మన చుట్టూ నేల నుంచి, ఆకాశం నుంచి ఏడు వారాల్లో మామూలుగా మీద పడేదానికి అది సమానం. గదిలోంచి బయటికి రాగానే తాగించొచ్చు.

గడ్డ చేతికి తగులుతూ మామోగ్రామ్ "నార్మల్" అని వస్తే పని పూర్తి కాలేదు. పాల కణజాలమూ తెల్లగానే పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది. అప్పుడు అల్ట్రాసౌండ్ కావాల్సిందే. అందులో పాలనాళాలు నల్లటి గొట్టాల్లా, తిత్తులు విడిగా కనిపిస్తాయి. గడ్డ మీద మీరే వేలు పెట్టి "ఇక్కడ" అని చూపించండి. అయ్యాక జెల్ తుడుచుకుని తాగించడమే. నా ఉసిరికాయ అక్కడే తేలింది: గెలాక్టోసీల్. సన్నసూదితో లాగితే చిక్కటి పాలొచ్చాయి, గడ్డ అణిగిపోయింది.

అనుమానం మిగిలితే బయాప్సీ అంటారు. "సూది గుచ్చితే జబ్బు పాకుతుంది" అన్న భయంతో నెలలు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. ఆ మాట నమ్మొద్దు, ముక్క తీసి చూడకుండా వైద్యమే మొదలుపెట్టలేరు. పాలిచ్చేవాళ్లలో సన్నసూది పరీక్షకి, అంటే ఎఫ్ఎన్ఏసీకి ఒక చిక్కుంది: పాల కణాలు మామూలుగానే చురుగ్గా ఉండి సూక్ష్మదర్శినిలో అనుమానంగా కనిపిస్తాయి. అందుకే గట్టి గడ్డకి కాస్త లావు సూదితో ముక్క తీసే కోర్ బయాప్సీ మంచిది. ఏది చేసినా ల్యాబ్‌కి వెళ్లే ఫారంలో "పాలిస్తున్న తల్లి" అని రాశారో లేదో కళ్లారా చూసుకోండి.

కోర్ బయాప్సీకి ముందు కూడా పాలు ఖాళీ చేసుకోండి. మత్తుకి వాడే లిడోకైన్ బిడ్డకి హాని చేయదు. అయ్యాక గుడ్డ పెట్టి పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలి. రెండో వైపు వెంటనే, ఈ వైపు నొప్పి ఓర్చుకోగలిగినప్పుడు తాగించొచ్చు. పాలలో కాస్త రక్తపు చార కనబడినా బిడ్డకి ఏమీ కాదు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ పాలిస్తూ వేసుకోదగ్గవే. సూది దారిలో పాలు కారడం, అంటే మిల్క్ ఫిస్టులా, అరుదుగా జరుగుతుంది. జరిగినా ఎక్కువమందికి దానంతట అదే మూసుకుంటుంది. దానికి భయపడి ముందే పాలు మాన్పించక్కర్లేదు.

ఎమ్మారైలో ఎక్కించే గాడోలినియం మందులో 24 గంటల్లో పాలలోకి దిగేది 0.04 శాతం కంటే తక్కువ. బిడ్డ పేగుల నుంచి రక్తంలోకి వెళ్లేది అందులోనూ ఒక శాతం లోపే. సీటీ స్కాన్‌లో వాడే అయోడిన్ మందుకీ ఇదే తీరు. ఒకరోజు పాలు పిండి పారబోయమని పాత అలవాటు కొద్దీ ఇంకా చెప్తుంటారు, అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ ప్రకారం ఆ అవసరం లేదు.

ఇదంతా అణుధార్మిక మందులు ఎక్కించే స్కాన్‌లకి వర్తించదు. పెట్ స్కాన్ తర్వాత తల్లి ఒంటి నుంచే కొన్ని గంటలు ధార్మికత వస్తుంది కాబట్టి బిడ్డని దూరంగా ఉంచమంటారు. ముందే పాలు పిండి దాచుకోండి, ఎన్ని గంటలో న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. థైరాయిడ్‌కి ఇచ్చే అయోడిన్-131 అయితే ఈ బిడ్డకి ఇక పాలివ్వడం కుదరదు, అది మొదలుపెట్టక ముందే తెలిసుండాలి.

ఏడో మెట్టు: రిపోర్టు చేతికొచ్చాక

చివర్లో "బైరాడ్స్" అని ఒక అంకె ఉంటుంది, 0 నుంచి 6 వరకు. సున్నా చూసి సంబరపడకండి, ఇంకా పరీక్షలు కావాలని దాని అర్థం. 1, 2 అంటే భయం లేదు. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, ఆరు నెలలకి మళ్లీ చూపించుకోవాలి. చంటిబిడ్డ తల్లికి ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి, ఆ తేదీని టీకాల కార్డు మీదే రాసి పెట్టుకోండి. 4, 5 వస్తే బయాప్సీ. నాలుగంటే క్యాన్సరని కాదు, ఆ అంకె కింద 2 శాతం నుంచి 95 శాతం దాకా అన్ని రకాల అనుమానాలూ వస్తాయి. 6 ముందే నిర్ధారణ అయినవాళ్లకి. పక్కన సి, డి అనే అక్షరాలు కనిపిస్తే రొమ్ము దట్టంగా ఉందని అర్థం, పాలిచ్చేవాళ్లకి అది మామూలే.

బయాప్సీ "ఏమీ లేదు" అని వచ్చినా ఒక ప్రశ్న అడగండి: "స్కాన్‌లో కనిపించినదానికి ఈ ఫలితం సరిపోతోందా?" సరిపోకపోతే మళ్లీ ముక్క తీయాలి.

క్యాన్సర్ అని వస్తే కంగారులో ఆ రాత్రికే పాలు మాన్పించకండి. ఆపరేషన్, కీమో, ఏది ఎప్పుడన్నది తేలాక డాక్టర్‌తో కలిసి తేదీ పెట్టుకుంటే రొమ్ము వాచకుండా మెల్లగా తగ్గించొచ్చు. కీమో, టామోక్సిఫెన్ అనే క్యాన్సర్ మాత్రలు నడుస్తుండగా మాత్రం పాలివ్వకూడదు.

ఏమీ లేదని తేలితే, 40 దాటినవాళ్లు పాలు మాన్పించిన మూడు నెలలకి ఒక మామోగ్రామ్ తీయించి ఉంచుకుంటే, పాలు లేని రొమ్ము బొమ్మ తర్వాతి వాటితో పోల్చడానికి పనికొస్తుంది. సీడీ సెంటర్‌లో వదిలేసి రాకండి. నా గడ్డ మూడు వారాల తర్వాత మళ్లీ కాస్త నిండింది. ఇంకోసారి సూదితో తీశారు. పాప పదహారో నెలదాకా తాగింది.